నక్షత్రం పేరు చెప్పి

మా ముత్తాత బోధన్ పక్కన ఐదు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత మాలీ పటేల్. ఊరి శిస్తు ఆయన చేతుల మీదుగా పోయేది. పటేల్‌గిరీ రద్దయి ఎన్నో ఏళ్ళు గడిచినా, మా బాపును చనిపోయేదాకా జనం పటేలా అనే పిలిచారు. చెరుకు కాలంలో చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరి ఉండేవట. మా బండ్లు వస్తున్నాయంటే ముందున్నవాళ్ళు ఎద్దులను పక్కకు తోలి దారి ఇచ్చేవారట. అది నేను చూడలేదు. నాకు తెలివి వచ్చేనాటికి భూమి కొంత సీలింగులో, కొంత పంపకాల్లో, కొంత కోర్టుల్లో పోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు చేలల్లో వరి వేశారు. అప్పటికి ఆ చేలు కూడా మావి కావు. మిగిలింది నిజామాబాద్‌లో మా తాత కట్టించిన ఇల్లు ఒక్కటే. సర్కారు కచేరీ పనుల మీద వచ్చినప్పుడు దిగడానికి, పిల్లలు ఉండి చదువుకోవడానికి కట్టించాడు. రాతి గోడలు, టేకు తలుపులు, మధ్యలో పెద్ద హాలు, చుట్టూ ఐదు గదులు.

నేను నర్సును. దొరల ఇంటి ఆడపిల్ల పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడమేమిటని మా చిన్నాయనలు బాపుతో మాట్లాడటం మానేశారు. బాపు వాళ్ళతో ఒకే మాట అన్నాడు. "ఒకల ముందట చెయ్యి చాపుతలేదు గదా. చెయ్యనియ్యుండ్రి." ఆ మాట చాలు నాకు. పెళ్ళయింది, భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నా జీతం మీద నేను బతికాను. సర్కారు దవాఖానలో పిల్లల వార్డులో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను.

ఆ వార్డులో నన్ను ఎక్కువగా బాధపెట్టింది చావు కాదు. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకపోండి" అనే మాట. చెప్పే డాక్టరు తప్పు కాదది. నిజంగానే చేసేదేమీ ఉండదు. కానీ తీసుకపోవడానికి ఇల్లేది? బీడీలు చేసుకుంటూ ఒక్క అద్దె గదిలో ఉండేవాళ్ళకు, బిడ్డ పోయేలా ఉందని తెలిస్తే చాలు, ఓనరు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. అద్దె ఇంట్లో ప్రాణం పోకూడదు, శవం లేవకూడదు. ఇది ఒక్క ఓనరు కఠినత్వం కాదు, ఊరంతా ఇంతే.

నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ, ఆమె స్నేహితులు కలిసి అలాంటి పిల్లల కోసం ఒక చోటు నడపాలనుకున్నారు. బాగుపడరని తెలిసిన పిల్లలు నొప్పి లేకుండా, తల్లి పక్కన ఉండగా, ఉన్నన్ని రోజులు ఉండే చోటు. ఎక్కడా ఇల్లు దొరకలేదు. సంగతి విన్నవాళ్ళు అద్దె అడగకముందే వద్దనేవారు. నేను మా అన్నను అడిగాను. బాపు పోయాక ఇల్లు అన్న పేరున ఉంది. అప్పుడే నా హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాను. పుట్టింట్లో వాటా అడిగిన ఆడపిల్ల మా వంశంలో లేదు. డాక్టరమ్మ ముందర, హాలు మధ్యలో నిలబడి అన్న ఇలా అన్నాడు.

"మా ఇంట్ల అడిగినోళ్ళకు లేదన్నది లేదమ్మా. ఎన్ని దినాలన్న ఉండుండ్రి. మా చెల్లె ఉన్నది గద, మీకేం ఫికర్ లేదు."

ఆ రోజు నాకు మా ముత్తాత మాట్లాడినట్టు అనిపించింది.

హాస్పిస్ అనే పేరు మా దగ్గర ఎవరికీ నోరు తిరగలేదు. పిల్లల ఇల్లు అన్నారు. ఐదారు మంచాలు. వారంలో రెండు రోజులు డాక్టరమ్మ వచ్చేది. మిగతా రోజులు నేను, ఇంకో నర్సు, వంటా శుభ్రం చూసుకునే ఒక ఆయమ్మ. ఆయమ్మకు నా మీద ఎప్పుడూ ఎకసెక్కమే.

"మా దొర్సాని సూడుండ్రి, పీతిగుడ్డలు గూడ నిలవడే ఉతుకుతది. నడుం వంగితె పటేల్‌గిరీ కింద వడుతదని భయం."

"నీ నోరు ముందు కడుక్కో" అనేదాన్ని. తల్లులు నవ్వేవారు. ఆ ఇంట్లో నవ్వుకు కొదవ ఉండేది కాదు. బయటివాళ్ళకు ఆ సంగతి చెప్తే నమ్మరు.

పని అంటే ఏముంది. మింగలేని బిడ్డకు ముక్కు గొట్టంలో రాగి జావ పల్చగా, మెల్లగా పోయాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతులో చేరిన తెమడను మిషన్‌తో లాగాలి. కదలని పిల్లలను పొద్దస్తమానం ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పాలి, లేదంటే ఒరిసిన చోట చర్మం లేచిపోతుంది. నొప్పి మొదలయ్యాక ఇవ్వడం కాదు, మొదలు కాకముందే మార్ఫిన్ చుక్కలు నాలుక కింద వేయాలి. ఏడవలేని పిల్లల నొప్పి నుదుటి ముడతల్లో కనిపిస్తుంది, కాలి వేళ్ళు బిగుసుకోవడంలో కనిపిస్తుంది. ఇవన్నీ తల్లులకు నేర్పించేదాన్ని. నేర్చుకున్న తల్లి నిటారుగా కూర్చునేది. అంతవరకు ఒంగిపోయి ఉన్న మనిషి.

అలా నేర్చుకున్నవాళ్ళలో ఒకామె బిడ్డ గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ పాప పుట్టినప్పుడు అందరిలాగే ఉంది. నడిచింది, మాటలు నేర్చింది. తర్వాత నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా మరిచిపోయింది. మొదట నడక పోయింది, ఆ తర్వాత మాటలు, ఆ తర్వాత మింగడం. మా దగ్గరికి వచ్చేసరికి ఏడేళ్ళు. చూపు ఉందో లేదో తెలిసేది కాదు కానీ చెవులు బాగా వినిపించేవి. వంటింట్లో కుక్కర్ కూత వేస్తే మొహమంతా నవ్వేది. ఆయమ్మ ఆ నవ్వు కోసమే పప్పు ఉడికినా ఇంకో కూత రానిచ్చేది. "మెత్తగైతె ఏమైతది, బంగారం నవ్వింది గద" అనేది. మేము రోజూ మెత్తటి పప్పే తిన్నాం.

పాప తండ్రి దుబాయ్ పోయి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని విన్నాం. తల్లి బీడీలు చేసేది. మొదటి రోజే చాట, ఆకు, కత్తెర తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంటే నేను వద్దన్నాను. తంబాకు దుమ్ము పిల్లల ఊపిరికి మంచిది కాదని, వెనక పెరట్లో చేసుకొమ్మని చెప్పాను.

"పెరట్ల కూసుంటె బిడ్డ కనవడదు గద దొర్సానీ."

"నేను చూస్తాను. పాప నుదురు ముడిచినా పిలుస్తాను."

"పిలుస్తరా?"

"పిలుస్తానన్నాను కదా."

ఆ తర్వాత ఆమె నన్ను నమ్మింది. పెరట్లో బీడీలు చుట్టుకుంటూ గట్టిగా పాటలు పాడేది, గోడ ఇవతల బిడ్డకు వినిపించాలని. మా ఇంట్లో అంత గొంతెత్తి పాడిన ఆడమనిషి అంతకుముందు లేదు. నేను ఆపలేదు.

ఒకరోజు పెరట్లోంచి లేచి నా దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా ఆకు వాసన.

"మా ఓనరు మల్ల అన్నడు దొర్సానీ. బిడ్డను ఆఖరికి ఇంటికి తేవద్దట. తెస్తె సామాను బయట పెడ్తడట. మా అన్న ఇంటికి పోదమంటె మా వదినె రానియ్యది. ఇచ్చిన ఆడిపిల్ల బిడ్డ పుట్టింట్ల కన్ను మూయొద్దట గద." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "నా బిడ్డ పాణం రోడ్డు మీద పోతదా?"

"ఈ గది నీ బిడ్డది. ఎన్నాళ్ళున్నా ఇక్కడే. చివరికి కూడా ఇక్కడే. నేను మాట ఇస్తున్నాను."

"మీ మాటనా?"

"మా ఇంటి మాట" అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పాటించే ఒక ఆచారం గురించి చెప్పాలి. కొన్ని నక్షత్రాల్లో ఎవరైనా చనిపోతే ఆ ఇల్లు కొన్ని నెలలు విడిచిపెడతారు. సామాను తీసుకుని బయటికి వచ్చి, తలుపు వేసి, గడపకు అడ్డంగా తుమ్మ కంప వేస్తారు. గడువు తీరాక శాంతి చేయించి మళ్ళీ లోపలికి పోతారు. మా ముత్తాత భార్య అలాంటి నక్షత్రంలో పోయినప్పుడు అంత పెద్ద గడి విడిచి, కుటుంబమంతా ఆరు నెలలు చెరుకు తోటలో గుడిసెల్లో ఉన్నారని మా నానమ్మ చెప్పేది. దాసీలు ఉన్న ఇల్లాళ్ళు ఎండలో నీళ్ళు మోసుకున్నారట. ఆ సంగతి మేము గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఇల్లు ఎంత పెద్దదైనా నియమం అంతకంటే పెద్దది అని నాకు చిన్నప్పుడే నాటుకుంది. నర్సింగ్ చదివాను, శరీరం ఎలా ఆగిపోతుందో నాకు తెలుసు. అయినా ఆ నియమం నాలోంచి పోలేదు. పోవాలని నేను కోరుకోలేదు కూడా.

సొంత ఇల్లు ఉన్నవాళ్ళు చివరి గడియల్లో పిల్లలను ఇంటికే తీసుకపోయేవారు. మా ఇంట్లో కన్ను మూసినవాళ్ళు కొందరే. ప్రతిసారీ నేను మా ఇంటి పంతులుకు ఫోన్ చేసి నక్షత్రం అడిగేదాన్ని. ప్రతిసారీ ఆయన "ఏం దోషం లేదమ్మా" అనేవాడు. డాక్టరమ్మకు ఈ సంగతి తెలియదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పసివాడు వచ్చాడు. మూడో నెల కూడా నిండలేదు. గుండె సరిగా తయారుకాని బిడ్డ. తల్లికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, బోధన్ వైపు పిల్ల. మా దగ్గర కొద్ది రోజులే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం తల్లి ఒళ్ళోనే ఊపిరి సన్నగిల్లి ఆగిపోయింది. తండ్రి చేత గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించాను. కొత్త బట్టలో చుట్టి ఇచ్చాను. మగవాళ్ళు తీసుకుని వెళ్ళాక ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. రవిక ముందు భాగమంతా తడిసిపోయింది. బిడ్డ పోయినంత మాత్రాన పాలు ఆగవు. పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయితే జ్వరం వస్తుంది. ఆమెను లోపలికి తీసుకుపోయి, చల్లటి గుడ్డ వేసి, నొప్పి తగ్గేంత మాత్రమే ఎలా పిండుకోవాలో చూపిస్తున్నాను. ఆ పిల్ల తన పాలు గిన్నెలో పడటం చూస్తూ ఉంది. ఏడవలేదు. "ఇవి ఏడ వొయ్యాలె?" అని అడిగింది. చెట్టు మొదట్లో పొయ్యమన్నాను.

అప్పుడే అన్న వచ్చాడు. గుమ్మం బయటి నుంచే అన్నాడు.

"నువ్వు ఆమెను సూస్కో చెల్లె. పంతులును నేను అడుగుత."

సరే అన్నాను. నాకు మంచిగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళకు అన్న కూడా ఇంటి సంగతి పట్టించుకుంటున్నాడనుకున్నాను.

మరునాడు పొద్దున్నే వచ్చి హాల్లో కూర్చున్నాడు. చాయ్ కూడా తాగలేదు.

"ధనిష్ఠల పోయిండట పోరడు. ఆర్నెల్లు ఇడ్సాలె అంటున్నడు పంతులు."

"ఇంత మంది పిల్లలున్నారన్నా."

"నాకు తెల్వదా? నీ ఇష్టం మరి. వాళ్ళను గీ ఇంట్లనే ఉంచుత అంటె ఉంచు. మన ఇంట్ల ఇంతదాంక ఎవ్వలు తప్పలే. నువ్వు తప్పుతనంటె నేనేమంట?"

అంతకుమించి ఆయన మాట్లాడాల్సిన పని పడలేదు. మిగతా వాదనంతా నేనే చేశాను. డాక్టరమ్మ నన్ను నమ్మలేనట్టు చూసింది. "మీరు నర్సు. మీరే ఇట్లా అంటే ఎట్లా? వేరే చోట్ల రోజూ చనిపోతున్నారు, దవాఖానలు మూసేస్తున్నారా?" అంది. దవాఖాన ఇల్లు కాదు, ఇది ఇల్లు అన్నాను. నమ్మకం మీది, పిల్లలకేం సంబంధం అంది. ఇల్లు కూడా మాదే అన్నాను. గొంతు పెంచాను. చివరికి ఆమె తనకు తెలిసిన క్లినిక్ పైన రెండు గదులు అడిగి తీసుకుంది. ఇద్దరు పిల్లలను తల్లిదండ్రులు ఊళ్ళకు తీసుకుపోయారు. మిగిలినవాళ్ళను ఇరుకు మెట్ల మీదుగా పైకి మోశాం. బీడీల తల్లి బిడ్డను తనే భుజాన వేసుకుని ఎక్కింది.

"ఆర్నెల్లైనంక మల్ల మన ఇంటికే గద దొర్సానీ?"

"మన ఇంటికే."

తుమ్మ కంప నేనే దగ్గరుండి వేయించాను.

పైన గదులకు పెరడు లేదు. బీడీలు చేయడానికి ఆమె మెట్ల మీద కూర్చునేది. వంట కింద ఎక్కడో జరిగేది, కుక్కర్ కూత పైకి వినిపించేది కాదు. పాప నవ్వడం తగ్గింది. జబ్బు ముదరడం వల్లేనని డాక్టరమ్మ చెప్పింది. అదీ నిజమే కావచ్చు.

చలి మొదలయ్యాక ఒక రోజు మా ఇంటి పంతులు బీపీ చూపించుకోవడానికి ఆ క్లినిక్‌కు వచ్చాడు. నేను కింద మందులు తీసుకుంటున్నాను.

"ఏమమ్మా, పిల్లలను ఇంత ఇరుకుల పెట్టిండ్రు? ఇంట్ల ఏమన్న పని నడుస్తుందా?"

"అదేమిటి పంతులుగారూ, మీరే కదా విడవమన్నారు. ధనిష్ఠ అని."

"నేనా?" ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "నన్ను ఎవరు అడిగిండ్రమ్మా? పసిపిల్లగాడు పోయిన సంగతి నాకు తర్వాత ఎవరో చెప్పిండ్రు. మీరు ఫోన్ చేయలేదేమని నేనే పంచాంగం చూసుకున్న. ఆ రోజు హస్త. ఏ దోషం లేదు."

నేను మందులు అక్కడే పెట్టేసి ఆటో ఎక్కాను.

కంప తీసి గేటు పక్కన పడేశారు. ముందు తలుపు చౌకట్టుతో సహా ఊడదీసి గోడకు ఆనించారు. ఇద్దరు మనుషులు కిటికీ కమ్ములు కోస్తున్నారు. అన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"హస్తలో పోయాడట బిడ్డ" అన్నాను.

"కూసో."

"పంతులును అడగనే లేదట."

"అడగలే." అన్న తల దించుకోలేదు. దించుకుని ఉంటే నేను ఏమైనా అనేదాన్నేమో. "అడిగితె నువ్వు లేస్తుంటివా ఇంట్లకెళ్ళి? నేను అమ్ముత ఖాళీ చెయ్యి అంటె చేస్తుంటివా? డాక్టరమ్మ ఊకుంటుండెనా? పేపరోళ్ళను పిలుస్తుండె. గదే నియమం అంటె నువ్వే తాళం వేసినవ్."

"పిల్లలు ఉండే ఇల్లన్నా అది."

"పీనుగుల ఇల్లు అంటున్నరు. తెలుసా నీకు? బజార్ల పోతుంటె పటేల్ కొడుకు అనేటోళ్ళు, ఇప్పుడు పీనుగుల ఇంటాయన అంటున్నరు. తాత కట్టిన ఇంటికి గిదేనా పేరు? మర్యాద నీకొక్కదానికే ఉన్నదనుకున్నవా?"

"నేను ఒక తల్లికి మాట ఇచ్చాను."

"నువ్విచ్చినవ్. నేనిచ్చిన్నా?"

డాక్టరమ్మ ముందు హాల్లో ఆయన అన్న మాట గుర్తు చేయాలనుకున్నాను. చేయలేదు. గుర్తు చేయాల్సి వస్తే ఇక అది మాట కాదు. నేను కోర్టుకు పోలేదు, నలుగురిలో పెట్టలేదు. మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు, ఎందుకు ఊరుకున్నావని. పరాయివాడు మోసం చేస్తే నలుగురికీ చెప్పుకోవచ్చు. మా అన్న నన్ను మోసం చేసింది మా ఇంటి నియమంతో. నేను దేన్ని ప్రాణంలా పట్టుకున్నానో ఆయనకు తెలుసు, దానితోనే నా చేత తాళం వేయించాడు. దీన్ని నేను ఎవరికి చెప్పుకోను?

క్లినిక్ ఓనరుకు గదులు కావాల్సి వచ్చాయి. డాక్టరమ్మ ఇంకో ఇల్లు వెతుకుతూనే ఉంది, దొరకలేదు. ఇల్లు పోయిందని తెలిశాక కూడా ఆమె నన్ను నిందించలేదు. కానీ ఆ తర్వాత ఏ సంగతీ నన్ను అడిగి చేయలేదు. మిగిలిన పిల్లలను ఎవరి ఊళ్ళకు వాళ్ళు తీసుకుపోయారు.

బీడీల తల్లి బిడ్డను చందూర్ దగ్గర తను పుట్టిన ఊరికి తీసుకుపోయింది. వదిన ఇంట్లోకి రానివ్వలేదు. ఊరి బయట పొలంలో వాళ్ళ అన్న మోటరు కొట్టం ఉంది, అక్కడ ఉండమన్నాడు. రేకుల కప్పు, ఒక మంచం పట్టేంత చోటు. నేను మార్ఫిన్ చుక్కలు తీసుకుని బస్సులో పోయాను. మూడు పక్కలా కోసేసిన వరి పొలం. ఎండకు కొట్టం లోపల వేడిగా ఉందని మంచం బయట నీడకు జరిపారు.

పాప ఊపిరి అప్పటికే ఆగి ఆగి వస్తోంది. గొట్టం తీసేశాను, ఇక దానితో పని లేదు. తడి దూదితో పెదాలు అద్దమని తల్లికి చెప్పబోయేసరికి ఆమె అప్పటికే అద్దుతోంది. నేర్పింది నేనే. చుక్కలు వేశాను. నుదుటి ముడతలు విడిపోయాయి. నొప్పి లేదు, అంతవరకు నేను చెప్పగలను. తల్లి చెవి దగ్గర వంగి నోటితో కుక్కర్ కూత వేసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పాప నవ్విందో లేదో నాకు తెలియలేదు. పొద్దు వాలకముందే పోయింది.

వాళ్ళ అన్న వచ్చి గుంత తవ్వడానికి మనుషులను పిలవబోయాడు. నేను బిడ్డకు స్నానం చేయించడానికి నీళ్ళు తోడబోయాను. తల్లి అడ్డం వచ్చి నా చేతిలోంచి బకెట్ తీసుకుంది.

"నేను చేస్త. మీరు పోండ్రి మేడం, బస్సు ఎల్లిపోతది."

ఆమె నన్ను మేడం అనడం అదే మొదటిసారి. మాట గురించి ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే, మా అన్న పేరు చెప్పి ఉండేదాన్నో లేదో ఇప్పటికీ తెలియదు. నేను రోడ్డు దాకా నడిచి బస్సు ఎక్కాను.

ఆ వారంలోనే ఇంటి రిజిస్ట్రేషన్ అయింది. మా అన్న టేకు తలుపులు ఒకరికి, గోడల రాళ్ళు ఒకరికి, ఖాళీ స్థలం ఒకరికి అమ్మాడు.